అవ్వ చెప్పిన చౌడు మాట: గాయపాకుతో జెల్ చేసిన నా అనుభవం

మా ఊరు దేవరకొండకు దగ్గర. చిన్నప్పుడు కొడవలి తగిలినా, తాటిమట్ట గీసుకున్నా, సైకిల్ మీంచి పడి మోకాలు చెక్కుకుపోయినా మాకు మొదటి వైద్యం ఒకటే. గట్టు మీద నాలుగు ఆకులు తెంపి, అరచేతిలో వేసి నలిపి, పిడికిలి బిగించి ఆ ఆకుపచ్చ రసాన్ని గాయం మీద పిండటం. ఒక్క క్షణం చురుక్కుమంటుంది. కాసేపటికి రసం ఆరి సన్నటి పొరలా కట్టుకుంటుంది, నెత్తురు ఆగుతుంది. ఆ ఆకును మేం గాయపాకు అంటాం. పుస్తకాల్లో గడ్డి చామంతి అని ఉంటుంది. శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రోకంబెన్స్.

ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం ప్రాజెక్టుకు ఆ ఆకునే తీసుకుని, గాయాలకు రాసుకునే జెల్ తయారు చేయాలనుకున్నాను. ఎనిమిది నెలల్లో అయిపోతుందని లెక్క వేసుకున్నాను. పద్నాలుగు నెలలు పట్టింది. అదనంగా పట్టిన ఆ ఆరు నెలలకూ కారణం, నా నోటుపుస్తకంలో రాసుకోకుండా వదిలేసిన ఒక్క వాక్యం. ఔషధ మొక్కల మీద పని మొదలుపెట్టబోయే పిల్లలకు పనికొస్తుందని ఆ సంగతి మొదటి నుంచీ చెబుతున్నాను.

నిజానికి మొదట నా మనసు నల్లమల మీద ఉండేది. ఇంతవరకు ఎవరి కంటా పడని వేరో బెరడో నా చేతికి దొరకాలని ఉండేది. అచ్చంపేటకు చెందిన మా సీనియర్ ఒకరు అటవీ శాఖ అనుమతి తీసుకుని వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. మన్ననూరు దాటి లోపలికి పోయాక ఒక చెంచు పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఆగాం. అక్కడి తాత ఒకరు మమ్మల్ని అడవిలో తిప్పారు. ఒక తీగ మొదట్లో కూర్చుని, గునపంతో మూరెడు లోతు తవ్వి గడ్డ బయటికి తీశారు. తీగ అంటుకుని ఉన్న పై ముక్కను కోసి, మళ్లీ అదే గుంటలో పెట్టి మట్టి కప్పి, అరచేత్తో అదిమారు. "వానలు పడితే మళ్లీ ఊరుతుంది. అంతా మనమే తీసుకుంటే తర్వాత వచ్చేవాళ్లకు ఏం ఉంటుంది?" అన్నారు. తిరిగి వచ్చే దారిలో జిగురు కోసం లోతుగా గాట్లు పెట్టి వదిలేసిన తపసి చెట్లు కనిపించాయి. వాటిలో కొన్ని నిలువునా ఎండిపోయి ఉన్నాయి.

కాలేజీకి వచ్చి మా గైడ్ మేడమ్‌కు చెబితే ఆవిడ కాగితం తీసి లెక్క వేయించారు. పరీక్షలన్నింటికీ కలిపి నాకు కనీసం రెండు కిలోల ఎండు వేరు పొడి కావాలి. పచ్చి వేరైతే దానికి నాలుగైదింతలు. ఆ తాత ఒక్క గడ్డ తీసి మొక్కను బతికించిన చోట నేను ఎన్ని తీగలు పెకలించాలి? "ప్రాజెక్టుకే ఇంత కావాలి. మందుగా పనికొస్తుందని రుజువైన రోజున టన్నుల్లో కావాలి. ఆ రోజు అడవి ఏమవుతుందో ఈ రోజే ఆలోచించు. వేరు తీస్తే మొక్క పోతుంది, ఆకు కోస్తే చిగురిస్తుంది. మీ ఊళ్లో చెట్టూ చేమా లేవా?" అని అడిగారు. ఆ ప్రశ్నతో నేను మా ఊరి గట్టు మీదికి వచ్చాను.

మా వాడకట్టులో డెబ్బై ఏళ్లు దాటిన ఒక అవ్వ ఉన్నారు. గాయాలకు, తేలు కాటుకు, పశువుల పుండ్లకు చుట్టుపక్కల వాళ్లంతా ఆమె దగ్గరికే వెళ్తారు. ఒక్క రూపాయి తీసుకోరు. 2022 జూలైలో ఒక ఉదయం ఆమె అరుగు మీద కూర్చుని గాయపాకు గురించి అడిగాను. ఆమె చెబుతూ పోయారు, నేను రాసుకుంటూ పోయాను. పొద్దు ఎక్కకముందే కోయాలి. ముదురు ఆకు వద్దు, లేతది మరీ వద్దు. ఎండిన ఆకుతో పని కాదు, పచ్చిదే కావాలి. బత్తాయి తోటల్లో గడ్డి మందు కొట్టిన చోట ముట్టుకోవద్దు. చౌడు నేలలో మొలిచింది తేవద్దు, అది మంట పెడుతుంది, పొర కట్టదు.

చివరి మాట నేను రాసుకోలేదు. గడ్డి మందు సంగతి నాకు అర్థమైంది. మొక్కల మందుల్లో పురుగుమందుల అవశేషాలకు, సీసం వంటి భార లోహాలకు పరిమితులు ఉంటాయని చదివాను కాబట్టి దాన్ని గీత గీసి మరీ రాసుకున్నాను. పచ్చి ఆకు మాట రాసుకున్నాను గానీ ప్రయోగశాలలో అది కుదరదని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను. చౌడు మాట మాత్రం పెద్దవాళ్లకు ఉండే పట్టింపు అనుకున్నాను. ఒకే మొక్క, ఒకే ఆకు, ఎక్కడ మొలిస్తే ఏమిటి?

ఆ రోజు ఇంకో పొరపాటు కూడా చేశాను. ఆమె మాటలను ప్రాజెక్టులో వాడుకుంటానని చెప్పలేదు, అనుమతి అడగలేదు. మేడమ్ నోట్సు చూసి మొదట అడిగింది అదే. "ఇది ఎవరి తెలివి? ఆమెకు తెలుసా నువ్వు రాస్తున్నట్టు?" అప్పుడే కేరళలోని కాణి తెగ సంగతి చెప్పారు. 1987లో అగస్త్య కొండల్లో నడుస్తున్న శాస్త్రవేత్తలు అలసిపోతే, దారి చూపడానికి వచ్చిన కాణి యువకులు తాము తింటున్న ఆరోగ్యపచ్చ కాయలు వాళ్లకూ పెట్టారు. ఆ మొక్క నుంచే తర్వాత జీవని అనే మందు వచ్చింది. 1995లో కోయంబత్తూరు సంస్థ ఒకటి పది లక్షల రూపాయలకు, అమ్మకాలపై రెండు శాతం రాయల్టీకి ఆ మందు తయారు చేసే హక్కు తీసుకుంది. ఆ సొమ్ములో సగం కాణి వాళ్ల ట్రస్టుకు చేరేలా ఏర్పాటు చేశారు. ఇలాంటి పంపకం గురించి చెప్పే మన జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. అంటే చట్టం కంటే ముందే అక్కడ ఆ పంపకం జరిగింది. ఒక పరిశోధకుడి అలసట తీర్చిన కాయ ఎవరి చేతిలోంచి వచ్చిందో మరిచిపోకుండా రాసి పెట్టినందువల్లే అది సాధ్యమైంది.

మరుసటి ఆదివారమే తెలుగులో ఒక పేజీ అంగీకార పత్రం తయారు చేసి తీసుకెళ్లాను. అవ్వకు మొత్తం చదివి వినిపించాను. దీనితో తనకు డబ్బు వస్తుందని నేను మాట ఇవ్వడం లేదని, ఎప్పుడైనా వ్యాపారం దాకా వెళ్తే జీవవైవిధ్య మండలికి తెలిపి ఆమె పేరు చెబుతానని వివరించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, మహిళా సంఘంలో నేర్చుకున్న సంతకం ఒక్కో అక్షరం కూర్చి పెట్టారు. ఆమె పేరు ప్రాజెక్టు పుస్తకంలో ఉంది. ఇక్కడ రాయడానికి ఆమెను అడగలేదు కాబట్టి రాయడం లేదు.

ఇక ఆకు సేకరణ. నాకు తరగతులు, పరీక్షలు ఉండటంతో ఊళ్లో ఇద్దరు కూలీలకు డబ్బులిచ్చి గోనెసంచి నింపి ఉంచమన్నాను. వాళ్లు చెరువు శిఖం పక్కన ఒకేచోట దండిగా దొరికిందని కోసి తెచ్చారు. సంచి విప్పి చూస్తే అందులో రెండు మొక్కలు కలిసి ఉన్నాయి. మా దగ్గర గాయపాకును, గుంటగలగరను రెండింటినీ పిల్లలు పలక తుడిచే ఆకు అనే అంటారు. రెండూ చామంతి కుటుంబమే. తేడా తెలియాలంటే కొంచెం ఓపికగా చూడాలి. గుంటగలగర పువ్వు బటనంత, తెల్లగా, ఆకు పక్కనే ఉంటుంది. నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది. అందుకే దాన్ని తలనూనెల్లో వేస్తారు. గడ్డి చామంతి పువ్వు మాత్రం జానెడు పొడవు సన్నటి కాడ మీద ఒంటరిగా నిలబడుతుంది. మధ్యలో పసుపు, అంచున నాలుగైదు వెలిసిన రేకులు. ఒక్కో రేకు చివర మూడు పళ్లు కొరికినట్టు ఉంటుంది. ఎండిన పువ్వును ఊదితే గింజలు ఈకల్లాంటి కుచ్చులతో గాలిలో ఎగురుతాయి. గుంటగలగర గింజకు ఆ కుచ్చు ఉండదు. నేనూ అమ్మా చాప పరుచుకుని ఒక పూటంతా కూర్చుని వేరు చేశాం.

నమూనా మొక్కను వేరు, ఆకు, పువ్వు, కాయతో సహా న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి, రోజూ కాగితాలు మారుస్తూ వారం రోజులు ఆరబెట్టాను. అట్ట మీద కుట్టి, ఊరు, తేదీ, పువ్వు రంగు రాసి వృక్షశాస్త్ర ప్రొఫెసర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దంతో చూసి నిర్ధారణ పత్రం ఇచ్చారు. ఈ మొక్క మన దేశానిది కాదని నాకు ఆయన గదిలోనే తెలిసింది. పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. లిన్నేయస్ 1753లోనే దీనికి పేరు పెట్టాడు. బయటి నుంచి వచ్చి మన గట్ల మీద స్థిరపడిన కలుపు మొక్కను చూసి, నలిపి, గాయం మీద పిండి, ఫలితం గమనించి, పిల్లలకు నేర్పిన వాళ్లు మన పల్లె మనుషులే. సంప్రదాయ జ్ఞానం అంటే ఎప్పుడో తాళపత్రాల్లో ఆగిపోయిందని అనుకునేవాణ్ని. అది ఆగలేదు, కొత్త మొక్క వస్తే కొత్తగా నేర్చుకుంటూనే ఉంది. ఆ ప్రొఫెసర్ గది నుంచి బయటికి వస్తుంటే అవ్వ మీద నాకు గౌరవం రెట్టింపయింది. అయినా చౌడు మాట గుర్తు రాలేదు.

వానాకాలంలో ఆకు ఆరబెట్టడం చాలా కష్టం. ఎండలో పెడితే రంగు పోతుంది, గదిలో పెడితే బూజు పడుతుంది. నులక మంచం మీద పాత నూలు చీర పరిచి, దాని మీద ఆకు పలుచగా నెరిపి, కింద నుంచి కూడా గాలి తగిలేలా పెట్టమని చెప్పింది అవ్వే. ఆరు కిలోల పచ్చి ఆకు పది రోజుల్లో కిలోకు లోపు తూగింది. మిక్సీలో వేసి, 40 నంబరు జల్లెడ పట్టి గాజు సీసాల్లో పోశాను.

తర్వాతిది సాక్స్‌లెట్, ఆకు నుంచి సారం తీసే గాజు పరికరం. కింద గుండ్రటి ఫ్లాస్కులో ఆల్కహాల్ మరుగుతుంది, ఆవిరి పైకి పోయి చల్లబడి, కాగితపు గొట్టంలో ఉన్న పొడి మీద బొట్టుబొట్టుగా పడుతుంది. నిండగానే పక్క నాళం గుండా ఒక్కసారిగా కిందికి జారుతుంది. మొదటిసారి జారినప్పుడు ముదురాకుపచ్చగా వస్తుంది, పదోసారికి లేతగా మారుతుంది. రెండు రోజులు దాని ముందే కూర్చున్నాను. చివరికి తారులాంటి జిగట ముద్ద మిగిలింది. మెగ్నీషియం ముక్క వేసి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే నారింజ ఎరుపు వచ్చింది, అంటే ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి. ఫెరిక్ క్లోరైడ్‌తో టానిన్లు తెలిశాయి. ఈ పరీక్షలన్నీ పుస్తకంలో ఉన్నట్టే జరిగాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను.

కష్టమంతా జెల్ దగ్గర వచ్చింది. జెల్‌కు కార్బోపాల్ 934 తీసుకున్నాను. తెల్లటి మెత్తటి పొడి. రాత్రి నీళ్లలో నానబెడితే పొద్దున్నకు పలుచటి మజ్జిగలా ఉంటుంది. అందులో ట్రైఈథనోలమైన్ అనే క్షారాన్ని చుక్కచుక్కగా కలుపుతూ తిప్పితే ఒక చుక్క దగ్గర చూస్తుండగానే గట్టిపడి, అద్దంలా మెరిసే జెల్ అవుతుంది. అంతకుముందు ముడుచుకుని ఉన్న దాని పోగులకు రుణావేశం వచ్చి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విచ్చుకుంటాయి, మధ్యలో నీటిని పట్టి ఉంచుతాయి. ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

అలా తయారైన జెల్‌లో ఆకు సారం కలిపాను. రెండున్నర శాతం కలిపిన గిన్నె బాగానే ఉంది. అయిదు శాతం గిన్నె కొంచెం జారుగా ఉంది. ఏడున్నర శాతం గిన్నెలో గాజు కడ్డీ నిలబెట్టి వదిలితే పక్కకు ఒరిగిపోయింది. మరుసటి రోజుకు పైన నీరు తేలింది. అయిదుసార్లు చేశాను. అయిదుసార్లూ అంతే.

మొదట నీళ్లను అనుమానించాం. ఆ వారం ప్రయోగశాలలో డిస్టిల్లేషన్ యంత్రం చెడిపోవడంతో క్యాన్ నీళ్లు వాడాను. మా నల్లగొండ నీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది! భూగర్భ జలంలో ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం వేసి తగ్గించే పద్ధతికి దేశమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. నీటిలో లవణాలు ఉంటే వాటి ధనావేశం కార్బోపాల్ పోగుల మధ్య చేరి వాటి నెట్టుడును చల్లారుస్తుంది, పోగులు మళ్లీ ముడుచుకుంటాయి, పట్టిన నీటిని వదిలేస్తాయి. యంత్రం బాగయ్యాక స్వచ్ఛమైన నీటితో మళ్లీ చేశాను. ఉత్త జెల్ ఇంకా గట్టిగా వచ్చింది. అందులో ఆకు సారం కలపగానే మళ్లీ నీరుకారింది. అంటే లవణం నీళ్లలో కాదు, నా ఆకులోనే ఉంది.

మేడమ్ నా పాత రికార్డు తిరగేసి ఒక పేజీ దగ్గర వేలు పెట్టారు. బూడిద విలువ. ఆకు పొడిని మూసలో వేసి 450 డిగ్రీలు దాటకుండా కాల్చి, మిగిలిన బూడిదను తూచే పరీక్ష అది. సేంద్రియ పదార్థమంతా కాలిపోయాక మిగిలేది ఖనిజ లవణాలే. మొదటి నెలలోనే చేశాను, అంకె రాశాను, పేజీ తిప్పేశాను. "ఇంత బూడిద ఎందుకుందో ఆ రోజు ఆలోచించావా? ఈ ఆకు ఏ నేలలోది?" అని అడిగారు.

చెరువు శిఖం పక్క నేల. వేసవిలో తెల్లటి పొర తేలే నేల. మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు అది చౌడని.

ఆ సాయంత్రం బస్సెక్కి ఊరికి వెళ్లాను. దేవరకొండలో దిగి ఆటో ఎక్కేసరికి చీకటి పడింది. అవ్వ భోజనం చేసి అరుగు మీద కూర్చుని ఉన్నారు. "అవ్వా, చౌడు గురించి ఆ రోజు ఏదో చెప్పావు, మళ్లీ చెప్పు" అన్నాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "చౌడులో మొలిచిన దాన్ని కొరికి చూడు బిడ్డా, ఉప్పగా ఉంటుంది. ఉప్పు పుండు మీద పడితే మండదా? అది ఆరదు కూడా, గాలికి చెమ్మ పట్టుకుంటూనే ఉంటుంది. పొర కట్టదు" అన్నారు. ఎండిన ఆకు ఎందుకు వద్దంటావని కూడా అడిగాను. "పచ్చిదాంట్లో ఉన్న జిగట ఎండితే ఎక్కడ ఉంటుంది? మంట మీద పెడితే ఉన్నది కూడా పోతుంది."

నేను రెండు రోజులు మంట మీద పెట్టాను. సాక్స్‌లెట్‌లో పొడి మీద పడే ద్రావణి కాస్త చల్లగానే ఉన్నా, కరిగి కిందికి దిగిన సారం ఫ్లాస్కులో గంటల తరబడి మరుగుతూనే ఉంటుంది. ఆల్కహాల్ మరిగేది 78 డిగ్రీల దగ్గర. ఈ మాట మేడమ్‌తో అన్నప్పుడు ఆవిడ తూ యూయూ గురించి చెప్పారు. మలేరియాకు మందు వెతుకుతున్న ఆ చైనా శాస్త్రవేత్తకు మాచిపత్రి జాతి మొక్క నుంచి సరైన ఫలితం నిలకడగా వచ్చేది కాదు. నాలుగో శతాబ్దపు వైద్య గ్రంథం ఒకటి మళ్లీ చదివితే, అందులో పిడికెడు ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడి వల్లే మందు పోతోందని గ్రహించి, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971లో అది ఫలించింది. ఆర్టెమిసినిన్ అలా దొరికింది, 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పిండమన్న ఆ ఒక్క మాటను ఆమె చదివి పట్టుకున్నారు. నాకు మా అవ్వ ఎదురుగా కూర్చుని, పిడికిలి బిగించి చూపించి మరీ చెప్పారు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి కూలీలను పెట్టలేదు. వరుసగా నాలుగు ఆదివారాలు తెల్లవారుజామున అవ్వతో కలిసి మందు కొట్టని కంది చేను గట్ల మీద నేనే కోశాను. ఏ ఆకు కోయాలో ఆమె వేలితో చూపిస్తారు. పువ్వు కాడ సాగుతున్న మొక్కలో పై నుంచి మూడో జత, నాలుగో జత. గట్టు ఆకును, చౌడు ఆకును పక్కపక్కనే కాల్చి బూడిద తూచాను. చౌడు మూసలో మిగిలిన బూడిద కంటికే ఎక్కువగా కనిపించింది. తూకమూ అదే చెప్పింది.

సారం తీయడానికి పచ్చి ఆకును అదే రోజు నూరి, ఆల్కహాల్‌లో వేసి, మూత బిగించి, వెలుతురు తగలకుండా గది వేడిమిలోనే వారం ఉంచాను. రోజుకు రెండుసార్లు కదిపాను. వడకట్టి, రోటరీ ఇవాపొరేటర్‌లో 40 డిగ్రీలు దాటకుండా ఆల్కహాల్ తీసేశాను. సిలికా పూసిన ప్లేటు మీద పాత సారాన్ని, కొత్త సారాన్ని పక్కపక్కన చుక్కలుగా పెట్టి ద్రావణిలో నిలబెట్టాను. చీకటి పెట్టెలో అతినీలలోహిత దీపం కింద చూస్తే పాత వరుసలో మసకగా ఉన్న ఒక పట్టీ కొత్త వరుసలో స్పష్టంగా వెలిగింది. లూటియోలిన్ అనే ఫ్లేవనాయిడ్ ప్రామాణిక నమూనా పెట్టిన వరుసలో దానికి సరిగ్గా అదే ఎత్తులో చుక్క ఉంది. దీపం ఆర్పి మళ్లీ వేసి చూశాను. అటెండర్ అన్నను కూడా పిలిచి చూపించాను.

జెల్‌కు కార్బోపాల్ మానేసి హెచ్‌పీఎంసీ అనే, సెల్యులోజ్‌తో చేసిన పొడి తీసుకున్నాం. దానికి ఆవేశం ఉండదు కాబట్టి ఆకులో మిగిలి ఉన్న కొద్దిపాటి లవణాలను తట్టుకుంటుంది. దీని పద్ధతి వేరు. చల్లటి నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. బాగా వేడి నీళ్లలో చల్లితే కరగకుండా విడివిడిగా తడుస్తుంది, చల్లారే కొద్దీ కరిగి చిక్కబడుతుంది. రాత్రి గంజి వార్చి పెడితే పొద్దున్నకు పేరుకున్నట్టు ఉంటుంది చూడండి, అలా. అయిదు శాతం సారంతో చేసిన జెల్‌లో గాజు కడ్డీ నిలబడింది. పీహెచ్ చర్మానికి దగ్గరగా వచ్చింది. మునివేళ్లతో గాజు పలక మీద రాస్తే జారకుండా పరుచుకుని, ఆరాక సన్నటి పొర కట్టింది. చిన్నప్పుడు మోకాలి మీద కట్టిన పొరే.

అగార్ ప్లేట్ల మీద స్టఫైలోకాకస్ సూక్ష్మజీవిని పెంచి, గుంటల్లో జెల్ నింపి, 37 డిగ్రీల వద్ద ఒక రోజు ఉంచాం. గుంట చుట్టూ సూక్ష్మజీవి పెరగని వలయం వచ్చింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వలయంతో పోలిస్తే మాది చిన్నది. పాత సారం వలయం కంటే పెద్దది. ఇంతకుమించి మేం చెప్పలేదు, చెప్పకూడదు కూడా. గాజు ప్లేటు మీద వలయం వచ్చినంత మాత్రాన మందు అయిపోదు. జంతువుల మీద పరీక్షకు నైతిక కమిటీ అనుమతి, ఆ తర్వాత మనుషుల మీద క్లినికల్ పరీక్షలు కావాలి. 2015 నుంచి మన దేశంలో ఫైటోఫార్మాస్యూటికల్ అనే వర్గం ఒకటి ఉంది. అందులోకి రావాలంటే శుద్ధి చేసిన మొక్క సారంలో కనీసం నాలుగు రసాయనాలను గుర్తించి, ప్రతి బ్యాచ్‌లో వాటి పాళ్లు కొలిచి చూపాలి. మేం గుర్తించింది ఒక్కటి. గట్టు ఆకుకు, చౌడు ఆకుకు అంత తేడా ఉన్నప్పుడు ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండాలనే ఆ నిబంధన ఎంత అవసరమో నాకు బాగా తెలిసింది. మూడు నెలలు 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఉంచితే జెల్ ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకు మారింది. చిక్కదనం నిలిచింది, రంగు నిలవలేదు. మా తర్వాత వచ్చిన విద్యార్థి ఇప్పుడు ఆ రంగు సంగతి చూస్తున్నారు.

ప్రాజెక్టు పుస్తకం బైండింగ్ అయ్యాక ఒక ప్రతి, ఒక చిన్న ట్యూబు తీసుకుని ఊరికి వెళ్లాను. అవ్వ ట్యూబు మూత తీసి వాసన చూశారు. చేతి మీద కొంచెం వేసుకోబోయారు. నేను ఆపాను. పరీక్షలు పూర్తి కానిది మనుషులకు రాయకూడదని చెప్పాను. ముప్పై మంది పిల్లల గాయాలు మాన్పిన మనిషికి ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది. ఆమె మాత్రం తల ఊపి, మూత జాగ్రత్తగా బిగించి తిరిగి ఇచ్చారు. తర్వాత పుస్తకం ఒళ్లో పెట్టుకుని తన పేరున్న పేజీ తీయమన్నారు. చదివి వినిపించాను. వేలితో తన పేరు తడిమారు.

"చౌడు సంగతి రాశావా?" అని అడిగారు.

సేకరణ విధానం అనే అధ్యాయం తెరిచి, మొదటి పేరాలో రెండో వాక్యం చూపించాను.